మిగిలిన పదహారు పేజీలు

ఆ రోజు ఉదయం ఇల్లాలి పథకం చాలా చిన్నది. పిల్లలిద్దరూ ఎనిమిదిన్నరకి బడి బస్సెక్కాలి. ఆయన తొమ్మిదింపావుకి ఆఫీసుకి బయల్దేరాలి. గిన్నెలు కడిగి, బట్టలు ఆరేసి, పదకొండింటికల్లా ఆవిడ కిటికీ పక్క కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చోవాలి. కూర్చుని ఏం చేస్తుందో ఆవిడ ఎవరికీ చెప్పదు. చదువుకుంటానని చెబితే ఖాళీగా ఉన్నావన్నమాట అని ఇంకో పని తగిలిస్తారు.

తొమ్మిదింటికి ఆయన ఒక చెంపకి సబ్బు నురగతో, చేతిలో కాగితంతో వంటింటి గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. ఆయన తూనికలు, కొలతల ఆఫీసులో తనిఖీ అధికారి. ఊళ్లోని ప్రతి త్రాసూ ఏడాదికోసారి ఆయన చేత ముద్ర వేయించుకోవాల్సిందే. మిల్లీగ్రాము తేడా ఉన్నా వెనక్కి పంపేస్తాడు కాబట్టి ఆఫీసులో ఆయన్ని మిల్లీగ్రాముగారంటారు. ఎదురుగా అనరు. ఆయనకి తెలుసు. లోలోపల సంతోషమే.

ఆ కాగితం సంగతేమిటంటే, ఆఫీసు వాళ్లు సంవత్సరాంత సంచిక అచ్చు వేస్తున్నారు. ఉద్యోగులందరూ ఈ ఏడాది తమకి నచ్చిన పుస్తకం, పాట, సీరియల్, సినిమా గురించి తలా నాలుగు ముక్కలు రాసివ్వాలి. నెల్లాళ్ల క్రితం ఇచ్చిన కాగితం. గడువు ఆ రోజు పదింటికి.

"కాస్త నువ్వు రాసిపెట్టు," అన్నాడాయన.

"మీకు నచ్చినవి నేనెలా రాస్తానండీ?"

"నాకు నచ్చినవంటూ ఏమున్నాయి? నాలుగు గడులూ నిండితే చాలు. సంతకం నేను పెడతాను."

ఆవిడ కుక్కర్ పక్కన గట్టు మీదే కాగితం పరిచింది. ఏవో నాలుగు పేర్లు బరికేసి పంపుదామనే అనుకుంది. తీరా పెన్ను పట్టుకున్నాక, ఈ ఏడాది మొత్తంలో తనని ఎవరూ ఈ ప్రశ్న అడగలేదని గుర్తొచ్చింది. ఇప్పుడు అడిగింది కూడా తనని కాదు. అయినా ప్రశ్న ప్రశ్నే కదా అని, కుక్కర్ మూడు కూతలు వేసేలోగా ఉన్నదున్నట్టు రాసేసింది.

సినిమా గడిలో: "చాలా బాగుంది. కానీ బయట రద్దీ అవుతుందని పక్కవాళ్లు తొందరపెడితే, ఇంకా పావుగంట పైన ఉండగానే లేచి రావలసి వచ్చింది." సీరియల్ గడిలో: "పదకొండు నెలలు చూశాను. చివరి భాగం రోజున ఇంట్లో వార్తలు గెలిచాయి." పాట గడిలో: "వంటింటి గోడ అవతల పక్కింటి కుట్టు టీచరు రోజూ పెట్టుకునే పాట. రెండు చరణాలు వినిపిస్తాయి. మూడోది మొదలయ్యే వేళకి ఆవిడకి క్లాసు టైమవుతుంది."

పుస్తకం గడి చాలక వెనకవైపు కూడా రాసింది. "రేవులో పడవ టిక్కెట్లు ఇచ్చే ఒకావిడ పందొమ్మిదేళ్లు ఒక ఉత్తరం కోసం చూసింది. రెండువందల ఎనభై ఎనిమిదో పేజీలో ఆ ఉత్తరం వచ్చింది. ఆవిడ కత్తెర తీసింది. అంతే, తరవాత అట్ట. మొదట్లో మూడువందల నాలుగు పుటలని అచ్చు వేశారు కాబట్టి పదహారు తక్కువ. ఈ ఏడాది లైబ్రరీ నుంచి తెచ్చుకున్న ఏడు నవలలకీ చివరి పేజీలు లేవు. ఆరింటికి నేనే ఏవో ముగింపులు అల్లుకున్నాను. దీనికి మాత్రం చేతకాలేదు. కూర తరుగుతున్నప్పుడు కూడా ఆవిడ చేతిలో ఆ కత్తెరే కనిపిస్తుంది."

మిల్లీగ్రాముగారు బూట్లు వేసుకుంటూ, గోడకి ఆనించి సంతకం పెట్టాడు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆయన చదవకుండా సంతకం పెట్టిన మొదటి కాగితం అదే.

సంచిక వచ్చిన రోజు ఆఫీసులో పనేమీ జరగలేదట. అందరూ తమ పేరు చూసుకుని, పేజీలు తిప్పుతూ మిల్లీగ్రాముగారి దగ్గర ఆగిపోయారు. వంటింట్లో పాట వింటూ కూర తరుగుతాడన్న మాట ఆడవాళ్ల విభాగంలో పెద్ద సంచలనం. ఆయన వెళుతుంటే టైపిస్టు లేచి నిలబడిందట. అంతటితో ఆగక ఆవిడ ఇంటికి ఫోన్ చేసింది.

"మీవారిని సినిమా అయినా పూర్తిగా చూడనివ్వండమ్మా," అంది మెత్తగా. "మగవాళ్లు నోరు తెరిచి చెప్పుకోలేరు. రాసుకుంటారు."

అలాగేనని ఇల్లాలు మాటిచ్చింది. 

ఆయన సాయంత్రం ఇంటికొచ్చి, సంచిక బల్ల మీద పెట్టి, చాలాసేపు దాన్ని త్రాసు కేసి చూసినట్టు చూశాడు. చివరికి ఇలాంటివి రాస్తావనుకోలేదన్నాడు. నాలుగు గడులూ నిండాయి కదా అంది ఆవిడ. అక్కడితో వదిలేస్తే సరిపోయేది. కానీ సంచికని వాళ్లిద్దరికన్నా శ్రద్ధగా చదివినవాడు ఇంకొకడున్నాడు. పెద్దాఫీసరు.

పెద్దాఫీసరుకి పుస్తకాల గురించి ఏమీ తెలియదు గానీ, తన శాఖ గురించి బాగా తెలుసు. ఆయన కళ్లకి అందులో మనసు కనిపించలేదు. ఒక తనిఖీ అధికారి, సంతకంతో సహా, నాలుగు సరుకులు కొలతకి తక్కువగా ఉన్నాయని లిఖితపూర్వకంగా తెలియజేయడం కనిపించింది. ఆ ఆఫీసులో తనిఖీ అధికారి సంతకం పెట్టింది ఏదైనా సరే, ఇరవై నాలుగు గంటల్లో కేసు కావాలి. మిల్లీగ్రాముగారు స్వయంగా పట్టుబట్టి తెచ్చిన నిబంధనే అది. హెడ్ గుమాస్తా లెక్క కట్టాడు. మూడువందల నాలుగుకి పదహారు తక్కువంటే నూటికి అయిదుంబావు. కిరాణా కొట్టులో ఆ మాత్రం తేడా వస్తే తాళం వేస్తారు.

నోటీసులు వెళ్లాయి.

మొదటి జవాబు సినిమా హాలు మేనేజరు నుంచి వచ్చింది. సదరు రోజున బొమ్మ నూట నలభై రెండు నిమిషాలూ పూర్తిగా ఆడినదనీ, ఎనిమిదో వరసలో ఇద్దరు మాత్రం పద్దెనిమిది నిమిషాల ముందే లేచినారనీ, వెనకవారు కేకలు వేసినందున తమకి బాగా గుర్తున్నదనీ రాశాడు. మగమనిషి ముందు విసవిసా నడవగా, ఆడమనిషి తెర వైపు వెనక్కి వెనక్కి చూసుకుంటూ వెళ్లినట్టు గేటు మనిషి ఇచ్చిన వాంగ్మూలం కూడా జతపరిచాడు. టీవీ వాళ్లు చివరి భాగం తాము ఆసాంతం ప్రసారం చేశామని రాస్తూ, "వార్తలు గెలవడం" అంటే ఏమిటో వివరించమని కోరారు.

మూడో నోటీసు పట్టుకుని పక్కింటి కుట్టు టీచరు నేరుగా వంటింట్లోకే వచ్చేసింది. ఆవిడ మెళ్లో కొలత టేపు అలాగే ఉంది.

"వదినా, మూడో చరణం ఎందుకు ఆపేస్తున్నానో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. లేకపోతే శుక్రవారం విచారణకి రావాలట. మా ఆయనే నన్ను ఇన్నేళ్లలో ఒక్క సంజాయిషీ అడగలేదు. మీ ఆయనకేం పట్టింది?"

"మా ఆయనకి పాటలంటే ప్రాణం," అంది ఇల్లాలు. పెళ్లయ్యాక ఇంత పెద్ద అబద్ధం ఆడడం అదే మొదలు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులే. నాలుగోది కాదు. బుధవారం సాయంత్రం ఆయన ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండానే, లైబ్రరీకి సీలు వేశారని చెప్పాడు.

ఆ లైబ్రరీ వీధి మలుపులో ఒకే ఒక్క గది. దాన్ని నడిపే ముసలాయన్ని ఇల్లాలు బాబాయిగారంటుంది. ఆ లెక్కన ఆయన మిల్లీగ్రాముగారిని అల్లుడుగారంటాడు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు తెరుస్తాడు. సరిగ్గా ఆ నాలుగు గంటలే ఆవిడకి ఇంట్లో ఊపిరాడనివి. అందుకని చీటీ మీద పేరు రాసిస్తే, మిల్లీగ్రాముగారు ఆఫీసు నుంచి వస్తూ పాతది ఇచ్చి కొత్తది తెస్తాడు. ఏడాదిలో ఆవిడ ఆ గది గడప తొక్కింది రెండుసార్లే. అయినా పదకొండింటికి కిటికీ పక్క కూర్చున్నాక ఆవిడ వెళ్లే ఊళ్లన్నీ ఆ గదిలోంచే మొదలవుతాయి. ఇప్పుడు దాని తలుపు మీద లక్క ముద్ర ఉంది. రేవులో ఆవిడ, ఉత్తరం, కత్తెర లోపల ఉండిపోయారు. ఆ పదహారు పేజీలు ఎక్కడో పడిపోయి దొరుకుతాయేమోనని ఇన్నాళ్లూ ఉన్న పిసరంత ఆశ కూడా లోపలే ఉండిపోయింది.

"అది రాసింది నేను," అందావిడ. "రేపు నేనొచ్చి చెప్పేస్తాను."

"ఆ మాట బయట అనకు." ఆయన గొంతు తగ్గించాడు. "చదవకుండా సంతకం పెట్టానని తెలిస్తే నేను ముద్ర వేసిన త్రాసులన్నిటినీ అనుమానించాలి. ఇరవై రెండేళ్లవి."

"మరి బాబాయిగారో?"

ఆయన బూట్ల తాళ్లు విప్పడానికి వంగాడు. ఆవిడా రెట్టించలేదు. ఆ రెండు రోజులూ ఇంట్లో అందరూ తిన్నారు, అన్ని పనులూ అయ్యాయి, ఎవరూ దేనికీ కోప్పడలేదు. పిల్లలు భయపడి చెప్పకుండానే హోంవర్కు చేసుకున్నారు. పదకొండింటికి ఆవిడ కుర్చీలో కూర్చుని గోడ కేసి చూసింది. అవతల కుట్టు టీచరు కేసు భయంతో పాట పెట్టడమే మానేసింది. ఉన్న రెండు చరణాలు కూడా పోయాయి.

శుక్రవారం కుట్టు టీచరు ఒక్కదాన్నీ వెళ్లలేనని బతిమాలితే, ఇల్లాలు తోడు వెళ్లింది. తోడు వెళ్లినదానికి మాట్లాడే పని ఉండదు కాబట్టి అది ఆయన మాట దాటినట్టు కాదని దారంతా తనకి తనే చెప్పుకుంది. విచారణ గదిలో ఒక పెద్ద త్రాసు, దాని వెనక పెద్దాఫీసరు ఉన్నారు. ఒకవైపు ఫిర్యాదీగా మిల్లీగ్రాముగారు, ఇంకోవైపు ఒళ్లో లావుపాటి రిజిస్టరుతో బాబాయిగారు కూర్చున్నారు. ముసలాయన ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. 

కుట్టు టీచరు వంతు తొందరగానే అయిపోయింది. పాట ఆవిడదే, చెవులు మాత్రం పక్కింటివి కాబట్టి కేసు నిలవదన్నారు. తరవాత పెద్దాఫీసరు పుస్తకం తెరిచి, పదహారు పుటలు తక్కువున్నమాట నిజమేనా అని బాబాయిగారిని అడిగాడు.

"నిజమేనండి. నేనే కోశాను."

ఎందుకు కోశారని పెద్దాఫీసరు అడిగాడు.

బాబాయిగారు తాపీగా విడమరిచి చెప్పాడు. పుస్తకం పూర్తయిపోతే జనం దాన్ని మరిచిపోతారు, ఏ మంచం కిందో పడేస్తారు, తిరిగి తేరు. అందుకని ఈ ఏడాది మొదటి నుంచీ గిరాకీ ఉన్న నవలలకి చివరి పదహారు పేజీలు కోసి సొరుగులో దాస్తున్నాడు. పుస్తకం తెచ్చిచ్చినవాళ్లు అక్కడే బెంచీ మీద కూర్చుని మిగతాది చదువుకుని, సంతకం పెట్టి వెళ్లాలి. ఆ రోజు నుంచీ ఒక్క పుస్తకం పోలేదు. కొందరైతే పరిగెత్తుకుని వస్తున్నారు.

"మరి ఫిర్యాదీకి ఆ పేజీలు ఎందుకు ఇవ్వలేదు?"

"ఇవ్వకపోవడమేమిటండీ? అల్లుడుగారు ఏడు పుస్తకాలకీ ఏడుసార్లు మా బెంచీ మీద కూర్చుని చదివారు. ఆయన చదివినవి ఆయనే లేవంటే నేనేం చెయ్యను?"

అందరూ మిల్లీగ్రాముగారి వైపు తిరిగారు. అందరికన్నా ముందు తిరిగింది ఆయన భార్య.

ఆయన లేచి నిలబడ్డాడు. ఈ ఆఫీసులో ప్రతి తూకపురాయికీ సరిచూసుకోవడానికి బీరువాలో ఇంకో రాయి ఉన్నట్టే, లైబ్రరీలో ప్రతి పుస్తకానికీ చివరి పేజీలు సరిచూసుకోవడానికి ఇంకో ప్రతి ఉంచారని తను అనుకున్నానన్నాడు. పుస్తకం వెనక్కిచ్చే మనిషి వాటిని తనిఖీ చేసి సంతకం పెట్టడం అక్కడి పద్ధతి కాబోలనుకున్నాడు. మంచి పద్ధతి అని మెచ్చుకున్నాడు కూడా. ఇంట్లో పుస్తకం నిండుగానే అందుతోందని నమ్మాడు. ఎలాగూ తనిఖీ కదా అని, ఒక్క అక్షరం వదలకుండా చదివాడు. ఆ పేజీలే ఇంట్లో తక్కువయ్యాయని సంచిక చూశాక గానీ తెలియలేదనీ, తెలిశాక తను చదివానని చెప్పుకోవడానికి సిగ్గేసిందనీ అన్నాడు.

పెద్దాఫీసరు రిజిస్టరు తెప్పించుకుని హెడ్ గుమాస్తాని చదవమన్నాడు. అందులో పేరు, తేదీ, సంతకం కాక, రిమార్కులని ఒక గడి ఉంది. మిగతా పాఠకులందరూ దాన్ని ఖాళీగా వదిలేశారు. మిల్లీగ్రాముగారు ఏ గడినీ ఖాళీగా వదలడు. హెడ్ గుమాస్తా కళ్లజోడు సవరించుకుని, కిరాణా చిట్టా చదివినట్టు చదువుకుపోయాడు.

"మొదటి పుస్తకం. పుటలు పదహారు. సరిగా ఉన్నవి. రెండు. పుటలు పదహారు. సరిగా ఉన్నవి. మూడు. పుటలు పదహారు. సరిగా ఉన్నవి. అతను రైలు దిగకుండా ఉండవలసింది. నాలుగు. పుటలు పదహారు. ఇద్దరిలో ఎవరిది తప్పో నిర్ణయించలేకపోతున్నాను."

హెడ్ గుమాస్తా గొంతు అయిదో పుస్తకం దగ్గర కాస్త తగ్గింది. టైపిస్టు టైపు చెయ్యడం ఆపింది.

"ఏడు. పుటలు పదహారు. రెండుసార్లు చదివాను. ఈవిడ ఎవరు?"

ఇల్లాలు ఆయన చెవుల వంక చూసింది. రెండూ ఎర్రగా ఉన్నాయి. ఈ మనిషి ఏడు సాయంత్రాలు ఒక బెంచీ మీద కూర్చుని, ముక్కూ మొహం తెలియనివాళ్లు విడిపోతుంటే చూసి, ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, అన్నంలోకి ఏముందని అడిగాడు. ఆవిడ వడ్డించింది. ఇద్దరి మధ్యా కూరగిన్నె తప్ప ఏమీ లేదు. ఒక్కమాట ఎవరన్నా అని ఉంటే, ఏడు పుస్తకాలూ ఆ బల్ల మీదే పూర్తయ్యేవి.

తోడు వచ్చినదానికి మాట్లాడే పని లేదన్నది అప్పుడు ఆవిడకి గుర్తు లేదు.

"అది రాసింది నేనండి," అంది లేచి. "నచ్చినవి నావి, తక్కువైనవి నాకు. ఆయన సంతకం పెట్టారంతే. బాబాయిగారి తప్పేమీ లేదు."

మిల్లీగ్రాముగారు కళ్లు మూసుకున్నాడు. పెద్దాఫీసరు గడియారం చూశాడు. భోజనానికి పావుగంట ఉంది. ఆయన రెండు కాగితాల మీద రాసి, పైకి చదివాడు.

మొదటిది: సదరు గ్రంథంలో రెండువందల ఎనభై ఎనిమిది పుటలు భార్యకు, పదహారు పుటలు భర్తకు అందినవి. ఇద్దరూ ఒకే ఇంటివారు కనుక, మొత్తం మూడువందల నాలుగూ ఆ ఇంటికి చేరినట్టే. కొలత సరిపోయినది. అందుకున్న ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకపోవడం ఈ శాఖ పరిధిలోకి రాదు. సీలు తీసివేయవలెను. రెండవది: చదవకుండా సంతకం చేయుట తప్పే. అయితే చదివి సంతకం చేసినట్టు ఏడు సందర్భాలు రుజువైనందున ఈసారికి మన్నించడమైనది.

సాయంత్రం లక్క ముద్ర ఊడదీసేటప్పుడు ఇద్దరూ అక్కడే ఉన్నారు. పిల్లలని కుట్టు టీచరు తన దగ్గర కూర్చోబెట్టుకుంది. గదిలో పాత కాగితం వాసన మూడు రోజులుగా మగ్గి మరీ చిక్కబడింది. బాబాయిగారు నేరుగా సొరుగు దగ్గరికి వెళ్లి, దారంతో కట్టిన పదహారు పేజీలు తీసి, బెంచీ మీద దుమ్ము దులిపాడు.

"రా అమ్మాయ్. నీ బాకీ ఇది. కూర్చుని తీరిగ్గా చదువుకో."

ఆవిడ చెయ్యి చాచింది. పైన ఉన్న పేజీలో మొదటి మాట కూడా కనిపించింది. మూడు నెలలుగా కూరల్లో, బట్టల్లో, గోడ మీద వెతుక్కున్న పేజీ అది. గుమ్మంలో ఆయన, వీధి వైపు తిరిగి, ఎవరికోసమో చూస్తున్నట్టు నిలబడి ఉన్నాడు. ఎవరూ రారని అందరికీ తెలుసు.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఉండనివ్వండి బాబాయిగారూ. మా ఇంట్లో ఉన్నాయి."

ఇద్దరూ మలుపు తిరిగారు. ఆయన మొదలుపెడతాడని ఆవిడ చూసింది. ఆయన రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. విద్యుత్ స్తంభం దగ్గర ఆగాడు.

"ముందు నువ్వు చెప్పు. ఆవిడెవరు? ఉత్తరం విప్పడానికి అంతలా ఎందుకు వణికింది?"

"అలా చెబితే అర్థం కాదండీ. మొదటి నుంచీ చెప్పాలి."

"చెప్పు."

"చాలా ఉంది."

"చెప్పు," అన్నాడాయన మళ్లీ, నడక తగ్గించి.

ఆవిడ రేవు దగ్గర మొదలుపెట్టింది. తెల్లారగట్ల మంచు, టిక్కెట్లు ఇచ్చే చెక్కగది, అందులో ఇంకా ఉత్తరం మీద ఆశ పుట్టని పిల్ల. ఇంటి ముందు నుంచి రెండుసార్లు నడిచి వెళ్లిపోయారు.

మర్నాడు ఆఫీసుకి గంటన్నర ఆలస్యంగా చేరిన మిల్లీగ్రాముగారు, హాజరు పట్టీలో ఆలస్యానికి కారణం అన్న గడిలో, "ఇంకా నలభయ్యో పేజీలోనే ఉన్నాం" అని రాశాడు.